వంకాయగారి గొంతు

ఆవిడ వంకాయని కూడా గారు అనేది. మా గోదావరి జిల్లాల మర్యాద సంగతి అందరికీ తెలిసిందే. తిట్టినా చివర ఒక అండి తగిలించే తిడతాం. కానీ ఆ మర్యాదని కూరగాయల దాకా తీసుకెళ్లిన మనిషిని పెళ్లిళ్లలో కూరలు తరిగే ఆవిడ్ని తప్ప ఇంకొకర్ని నేను చూడలేదు. "వంకాయగారూ, కాస్త ఇటు తిరగండి, మీ లోపల ఎవరైనా అద్దెకున్నారేమో చూస్తాను" అనేది పుచ్చు వంకాయతో. "ఉన్నారండి, చెప్పకుండా దిగిపోయారండి" అని వంకాయే జవాబు చెప్పేది. ఆ జవాబు ఆవిడ నోట్లోంచే వచ్చేది గానీ, ఎదురుగా ఉన్నవాడి చూపు మాత్రం వంకాయ మీదకే పోయేది.

మొన్న రావులపాలెం బస్టాండు పక్కన ఒకామె గోనెపట్టా మీద కూర్చుని పనసపొట్టు కొడుతోంది. చెక్కు తీసిన పచ్చికాయని ఎడమచేత్తో నిలబెట్టి కుడిచేత్తో కత్తి ఆడిస్తుంటే సన్నటి పొట్టు రాలుతోంది. పని బాగానే చేస్తోంది. కానీ ఒక్క మాట మాట్లాడటం లేదు. కాయని అంతసేపు కొడుతూ ఒక్కసారైనా క్షమాపణ అడగలేదేమిటి ఈ మనిషి, అనిపించింది నాకు. అలా అనిపించడమే వింత అని తర్వాత తట్టింది. బస్సు వదిలేసి అక్కడే టీ తాగుతూ నిలబడ్డాను. ఆవిడ గురించి ఇవాళైనా రాయాలనుకున్నాను. ఇన్నేళ్లు ఎందుకు రాయలేదో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

పేరు మాత్రం రాయను. బతికుండగా మా వీడియోల టైటిల్స్‌లో వేస్తానంటేనే ఒప్పుకోలేదు. "పేరెందుకండి బాబుగారూ? తెలియాల్సినోళ్లకి గొంతు చాలదా అండి?" అంది. అదేదో వినయం అనుకుని మెచ్చుకున్నాను కూడా.

అప్పట్లో నేనూ, నా స్నేహితుడూ కలిసి రాజమండ్రిలో ఒక బట్టల కొట్టు మీద గదిలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాళ్లం. వాడు బొమ్మలు వేస్తాడు, నేను కత్తిరిస్తాను. మిక్సింగ్ అంటే పెద్ద విద్యేం కాదు. కెమెరా వాళ్లు తెచ్చిన క్యాసెట్లలోంచి అక్కర్లేనివి తీసేసి, అసలు చప్పుడంతా చంపేసి, పైన పాట పరచడం. ప్రతి పెళ్లిలోనూ వంటల షాట్లు ఒకేలా ఉంటాయి. గాడిపొయ్యి, పొగ, పులిహోర కలుపుతున్న చేతులు, కూరలు తరుగుతున్న ఆడవాళ్లు. ఒకరోజు ఒక క్యాసెట్టు చప్పుడు చంపబోతూ ఎందుకో ఆగాను. చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్స్‌లో ఎవరో అంటున్నారు: "కందగారూ, దురద పెట్టడం మీ ధర్మం. చింతపండు వేయడం మా ధర్మం. ఎవరి పని వాళ్లు చేసుకుందామండి, ఇందులో కోపాలెందుకు?" దానికి బొంగురు గొంతుతో ఒక జవాబు: "నాకు కోపం లేదండి. మీ చేతులే కాస్త నాజూకండి."

వెనక్కి తిప్పి నాలుగుసార్లు విన్నాం. మా వాడు నేల మీద పడి దొర్లాడు. కంప్యూటర్లో కదిలే బొమ్మలు చేయడం వాడు అప్పుడే నేర్చుకుని, ఏం చేయాలో తెలియక చేతులు దురద పెట్టి కూర్చున్నాడు. కూరగాయలు మాట్లాడుకునే చిన్న చిన్న బొమ్మల కథలు చేసి నెట్‌లో పెడదాం, గొంతులు ఈవిడ చేతే చెప్పిద్దాం అన్నాడు. అది రెండువేల ఎనిమిది వేసవి. నెట్ అంటే ఇంకా నెట్ సెంటరే. మూడు నిమిషాల బొమ్మ ఎక్కడానికి ఒక పూట పట్టేది. అయినా మేం ఏదో ప్రపంచాన్ని ఏలబోతున్నట్టు ధవళేశ్వరం వెళ్లి, కాలవగట్టు మీద ఆవిడ ఇల్లు వెతికి పట్టుకున్నాం.

మనిషి సన్నగా, నల్లగా, పొట్టిగా ఉంది. యాభై దాటి ఉంటాయి. బొటనవేలి గోరు కూరల పసరుకి నల్లబడిపోయింది. ఎడమచెయ్యి చూపుడువేలు కొస లేదు. అడిగితే "కందగారికి దక్షిణిచ్చానండి" అంది. నవ్వితే చప్పుడుండదు. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటే భుజాలు మాత్రం కదిలేవి. పెళ్లిళ్లలో ఆఖరి బంతి లేచేదాకా మెతుకు ముట్టదని తోటివాళ్లు చెప్పారు. అదేమంటే, "పొద్దుట్నుంచీ కబుర్లు చెప్పుకున్నోళ్లని వెంటనే ఎలా తినేస్తామండి, కాస్త టైము పట్టుద్ది" అనేది.

మేం వచ్చిన పని చెప్పాం. మనవరాలు, అయిదేళ్లుంటాయి, ఆవిడ వీపు వెనక నుంచి మమ్మల్ని తొంగి చూస్తోంది. ఇదంతా నెట్‌లో పెడతాం, ఎవరైనా చూడొచ్చు అని మావాడు ఊరించాడు.

"ఎవరైనా అంటే ఎక్కడోళ్లండి?"

"ఎక్కడి వాళ్లైనా పిన్నీ. దేశదేశాలూ."

"కువైట్‌లో వినపడుద్దా అండి?"

"ఎందుకు వినపడదండీ," అన్నాను నేను. అన్నానే గానీ ఆ దేశం పేరే ఎందుకు అడిగిందో ఆలోచించలేదు. మా వైపు ఇంటికొకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో పనికి ఉంటారు కదా, ఎవరో చుట్టాలు ఉండి ఉంటారనుకున్నాను. ఆవిడ వెంటనే ఒప్పుకుంది.

రికార్డింగులన్నీ మిట్టమధ్యాహ్నమే. ఆ వేళకి కింద కొట్టులో బేరాలు పలచబడి మెట్ల మీద చప్పుడు తగ్గుతుంది. కిటికీలకి బొంతలు కట్టి, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్లం. ఆవిడ కుర్చీలో కూర్చోదు. నేల మీద కత్తిపీట వేసుకుని కూర్చోవలసిందే. కొయ్యాల్సిందేమీ లేకపోయినా అది ఉండాలి. "కత్తిపీట లేకపోతే వీళ్లు మాట్లాడరండి. మనిషికైనా కూరకైనా కాస్త భయం ఉండాలండి" అనేది. మాట్లాడే కూర చేతిలో ఉంటేనే గొంతు వచ్చేది. వంకాయ లేనిరోజు వంకాయ మాట రాదు. అందుకని పొద్దున్నే నేను బజారుకెళ్లి నటీనటుల్ని సంచీలో వేసుకుని రావాలి. అయిపోయాక ఆ సంచీ ఆవిడే ఇంటికి పట్టుకెళ్లేది.

ఎవరెవరి స్వభావం ఏమిటో ఆవిడకి ముందే తెలుసు. వంకాయ కొత్తల్లుడు, ఎంత మర్యాద చేసినా మూతి ముడుచుకునే ఉంటాడు. బంగాళాదుంపకి ఎవరితోనైనా పొత్తు కుదురుతుంది, అందుకే నమ్మకూడదు. టమాటా ఊరికే ఏడుస్తుంది. కాకరకాయ రిటైరైన హెడ్మాస్టారు. కరివేపాకుని హీరో చేద్దామని మా వాడు ముచ్చటపడితే ఆవిడ ఒప్పుకోలేదు. "ఆయనకి మాటలొద్దండి. అందరూ ఏరి పక్కన పెట్టేవాడు మాట్లాడినా వినేదెవరండి?" అంది. మా వాడు కరివేపాకుని ప్రతి బొమ్మలోనూ ఒక మూల మాటల్లేకుండా నిలబెట్టాడు. చూసినవాళ్లకి అదే ఎక్కువ నచ్చింది.

మొదటిది పెళ్లిపందిట్లో ఆకులో మొదట పడే హక్కు ఎవరిదని వంకాయకీ బంగాళాదుంపకీ తగువు. చివరికి ఇద్దర్నీ కలిపి కూర వండేస్తారు. ఉడుకుతూ వంకాయ, "ఇప్పుడు మాత్రం వియ్యం కుదిరిందండి" అంటుంది. అక్కడికి అయిపోయింది. అయితే ఆవిడ ఆగలేదు. చేతిలో వంకాయని తిప్పుతూ అదే గొంతుతో చెప్పుకుపోయింది: "ఇక్కడ కాలవలకి నీళ్లు వదిలారండి. పాపని బళ్లో వేశామండి. పలక కొన్నామండి. ఏమనుకోకుండా వచ్చెయ్యండి. ఇంక వచ్చెయ్యండి."

"పిన్నిగారికి బ్రేకుల్లేవురా" అన్నాను మా వాడితో ఆవిడ వెళ్లాక. అక్కడ కత్తిరించేశాను. ఎడిటింగ్‌లో నాకు ఒక సూత్రం ఉండేది, దాన్ని చూసుకుని కాస్త గర్వం కూడా ఉండేది: నవ్వొచ్చిన చోటే కత్తెర పడాలి. నవ్వయ్యాక ఒక్క మాట మిగిలినా ఆ నవ్వు చచ్చిపోతుంది. ఆవిడ ప్రతిసారీ చివర ఇలాగే ఏదో ఒకటి చేర్చేది. పాపకి జ్వరం తగ్గిందని బెండకాయ అనేది, వానకి గోడ పడిందని టమాటా ఏడ్చేది, చివరికి అందరూ వచ్చెయ్యండి అనేవాళ్లు. ప్రతిసారీ నేను తీసేసేవాణ్ణి. కువైట్‌లో ఆవిడకొక కూతురుందనీ, ఆ మాటలన్నీ ఆ కూతురికేననీ నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఆ అనిపించకపోవడమే.

అలా ఎనిమిది చేశాం. మా ఊళ్లో కాలేజీ పిల్లలు ఫోన్లలోకి ఎక్కించుకుని ఒకరికొకరు పంచుకునేవారు. బస్సులో వెనక సీటులోంచి "వంకాయగారూ" అని వినపడితే మాకు కాలు నేల మీద ఆనేది కాదు. ఆవిడ మాత్రం ఒక్కటీ చూడలేదు. పెళ్లిళ్ల రోజులు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తిరుగుడు. ఆ చలికాలంలో ఒక మధ్యాహ్నం, ఊళ్లోనే పెళ్లికి వచ్చి, మనవరాలిని తీసుకుని మా గది మెట్లెక్కింది. "పాప చూస్తానంటోందండి" అంది.

కుర్చీలో పాపని కూర్చోబెట్టి వరసగా ఎనిమిదీ వేశాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. అమ్మమ్మ గొంతు కాకరకాయలోంచి రావడం చూసి చప్పట్లు కొట్టింది. ఆవిడ నవ్వలేదు. ఒక్కొక్కటి అయిపోయి తెర నల్లబడినప్పుడల్లా మెడ ముందుకు చాచి, ఇంకా ఏదో వస్తుందన్నట్టు చూసేది. ఎనిమిదోది కూడా అయిపోయింది.

"అంతేనాండి?"

"అంతేనండి."

"చివర్న నేను చెప్పిన మాటలు ఇంకా ఉన్నాయి కదండి?"

నేను నా సూత్రం చెప్పాను. నవ్వు, కత్తెర, అన్నీ. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, కొంచెం పాఠం చెబుతున్నట్టుగానే చెప్పాను. ఆవిడ శ్రద్ధగా వింది.

"అంటే ఎందులోనూ ఉంచలేదాండి?"

"లేదండి. కథకి అక్కర్లేదు కదాని..."

ఆవిడ పాప వైపు తిరిగి, కిందకెళ్లి కొట్టువాళ్లని అడిగి మంచినీళ్లు తాగి రమ్మంది. పిల్ల దిగిపోయిన తర్వాత చెప్పింది. గొంతు పెరగలేదు, తరగలేదు. పిల్ల తండ్రి ఎటో వెళ్లిపోయాక, కూతురు కువైట్‌లో ఇంటిపనికి పోతానందట. పాపకి అప్పుడు రెండేళ్లు. వద్దని ఈవిడ వారం రోజులు పోరింది. బయల్దేరే రోజు ఒళ్లు తెలియని కోపంలో ఒక మాట అంది.

"వెళ్తే వెళ్లు, పిల్లకి నువ్వు చచ్చిపోయావని చెప్తానన్నానండి. అనేశానండి. దిద్దుకుందామంటే మనిషి ఎదురుగా లేదండి, బస్సెక్కేసింది. నాలుగో ఏడండి ఇది. ఫోనూ లేదు, ఉత్తరం లేదండి. పాపకి బట్టలు ఏజెంటు చేత పంపిస్తది. మాట మాత్రం పంపదండి."

"మీరే ఉత్తరం రాయించకపోయారాండి?"

"ఏ ఇంటికని రాయించనండి? ఇల్లు మారిందన్నారు. నంబరు ఇవ్వొద్దని అదే చెప్పిందంటాడండి ఏజెంటు." మెట్ల వైపు ఒకసారి చూసి అంది: "ఇంటి గొడవ పరాయోళ్లకి చెప్పుకోలేం కదండి బాబుగారూ. కూరగాయల చేత చెప్పిస్తే ఊరోళ్లు నవ్వుకుని పోతారు, దానికి మాత్రం తెలుస్తుంది అనుకున్నానండి. కువైట్‌లో వినపడుద్దని మీరే అన్నారు కదండి."

తీసేసిన ముక్కలు ఎక్కడైనా ఉన్నాయేమోనని అప్పటికప్పుడు కంప్యూటరంతా గాలించాను. లేవు. పెళ్లి క్యాసెట్లకి చోటు చాలక, ఒక బొమ్మ నెట్‌లో ఎక్కగానే పాత రికార్డింగు తుడిచేసేవాణ్ణి. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. "పోనీలెండి, మీకు తెలీదు కదండి" అని నన్నే ఓదార్చింది.

తొమ్మిదోది అలా పుట్టింది. ఈసారి కథ లేదు, తగువు లేదు. బుట్టలో కూరగాయలన్నీ కూర్చుని ఒక్కొక్కటే ఒక కబురు చెబుతాయి. మా వాడు కూడా ఏ చమత్కారమూ చేయకుండా, పెదాలు కదిలేంత వరకే కదిలించాడు. పాప ఒకటో క్లాసులో ఉందనీ, రెండో ఎక్కం దాకా వచ్చనీ టమాటా చెప్పింది. ముందుపళ్లు రెండూ ఊడాయనీ, నవ్వితే అచ్చం మీలాగే ఉంటుందనీ బెండకాయ చెప్పింది. పడిన గోడ మళ్లీ కట్టామనీ, మీరు పడుకునే వైపు కిటికీ పెద్దది పెట్టించామనీ బంగాళాదుంప చెప్పింది. ఆఖరికి కాకరకాయని చేతిలోకి తీసుకుని ఆవిడ దాని తొడిమ గోటితో గిల్లేసింది.

"చచ్చిపోయారని చెప్పలేదండి," అంది కాకరకాయ. "ఆ మాటన్న మనిషి నోరు అప్పట్నుంచీ చేదుగానే ఉందండి. మీ ఫోటో గోడకి పెట్టలేదండి. గోడకి పెడితే పోయినోళ్లలాగ ఉంటుందని బియ్యం డబ్బా మీద పెట్టామండి. పాప రోజూ మొదటి ముద్ద మీకు చూపించి తింటుందండి. అమ్మ ఎప్పుడొస్తది అంటే, పని అయిపోగానే వస్తదని చెబుతున్నామండి."

అక్కడ కాకరకాయని కింద పెట్టేసింది. ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని, మేం అంతకుముందు ఎప్పుడూ వినని గొంతుతో, తన సొంత గొంతుతో, "వచ్చెయ్యవే" అంది. ఆ ఒక్క మాటకీ అండి లేదు.

ఒక్క ముక్క కత్తిరించలేదు. దగ్గులూ, చెంగు సవరింపులూ అన్నీ ఉంచేశాను. నెట్‌లో పెట్టాక కింద ఎవరో రాశారు, ఇందులో కామెడీ ఏది బాబూ అని. ఇంకెవరో, మీ పని అయిపోయిందిరా అని రాశారు. కాలేజీ పిల్లలు ఎవరూ దాన్ని ఫోన్లలోకి ఎక్కించుకోలేదు. నవ్వు రానిదాన్ని ఎవరు ఎవరికి పంచుతారు? మేమూ ఆ తర్వాత ఇంకోటి చేయలేదు.

ఆ సైటులో, మన బొమ్మలు ఏ దేశాల్లో చూస్తున్నారో పటం మీద రంగు వేసి చూపించేవాళ్లు. వేసవి ముందు ఒక పెళ్లిలో ఆవిడ కనపడి, "ఏమైనా తెలిసిందాండి?" అని అడిగింది. "కువైట్‌లో చూస్తున్నారండి" అన్నాను. అబద్ధం కాదు. కువైట్ మీద రంగు నిజంగానే ఉంది, కానీ అది పాత ఎనిమిదింటి పటంలో. తొమ్మిదోదాని పటంలో మన దేశం తప్ప అంతా తెల్లగానే ఉంది. ఆవిడ తొమ్మిదోదే అనుకుంది. నేను దిద్దలేదు. ఆ మొహం చూశాక దిద్దే ధైర్యం నాకు లేకపోయింది. ఆ రోజు ఆఖరి బంతి దాకా ఆగకుండా రెండో బంతిలోనే కూర్చుని భోంచేసిందని వంటవాళ్లు తర్వాత వింతగా చెప్పుకున్నారు.

ఆ కార్తీకంలో జ్వరం వచ్చి అయిదో రోజున పోయింది. పెళ్లిళ్ల హడావుడిలో ఉండి నాకు పదో రోజుకి గానీ తెలియలేదు. వెళ్లేసరికి ఆవిడ చెల్లెలు పాపకి అన్నం పెడుతోంది. పాప తినడానికి మొరాయిస్తోంది. ఆ చెల్లెలికి గొంతులు రావు. కువైట్‌కి కబురు పంపారా అని అడిగాను. పంపామంది. చావు కబురుకి మాత్రం ఏజెంటుకి నంబరు దొరికిందట.

ఇంకో ఇరవై రోజులకి కాబోలు, ఒక మధ్యాహ్నం మా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ముందు పాప వచ్చింది. దారి తనకి తెలుసు కదా. వెనక ఒకామె, ముప్ఫై లోపే ఉంటుంది, ముతక నల్లగౌను మీద చున్నీ వేసుకుని గుమ్మంలోనే ఆగింది. ఎవరని అడగక్కర్లేకపోయింది. ఆ పొట్టి మనిషే, ఆ కళ్లే.

"మా అమ్మ గొంతు మీ దగ్గరుందంటండి," అంది.

కూర్చోమన్నాను. కుర్చీ అంచు మీద కూర్చుంది. ఎలా తెలిసిందని అడిగాను. వాళ్ల పక్కింట్లో కారు నడిపే ఆయన మన తెలుగు ఆయనేనట. గోడ అవతల ఫోన్లో ఏదో చూసి నవ్వుకుంటుంటే వినపడిందట.

"చెత్త పారేయడానికి వెళ్లానండి. వంకాయగారూ అని వినపడిందండి. బకెట్ అక్కడే వదిలేశానండి. ఆయన్ని బతిమాలి ఎనిమిదీ చూశానండి. రోజుకోటి చొప్పున మళ్లీ మళ్లీ చూశానండి." చున్నీ కొంగుతో మొహం తుడుచుకుంది. "అమ్మ ఎంత హాయిగా ఉందో అనుకున్నానండి. నేను కువైట్ వెళ్లేముందు మా ఇంట్లో నవ్వన్నదే లేదండి. నేను లేకపోతేనే ఇల్లు బాగుందేమో అనుకున్నాను. పాపకి నేను పోయానని చెప్పేసే ఉంటుంది, పాపా నన్ను మర్చిపోయి ఉంటుంది, ఇప్పుడెళ్లి అందర్నీ ఎందుకు ఏడిపించడం అనుకున్నానండి. అప్పుడే రెండేళ్ల గడువు అయిపోయి, వెళ్తావా ఉంటావా అని ఆ ఇంటి మేడమ్ అడిగిందండి. ఉంటానని సంతకం పెట్టేశానండి."

"ఎప్పుడండి?"

"మొన్న ఎండాకాలమండి."

అప్పటికి తొమ్మిదోది నెట్‌లో పెట్టి నాలుగు నెలలు.

"తీరా వస్తే, గుమ్మంలో నన్ను చూడగానే ఇది అమ్మా అనేసిందండి," అంది పాప తల మీద చెయ్యి వేసి. "ఎలా గుర్తుపట్టిందో నాకు ఇప్పటికీ తెలీదండి. పిన్నినడిగితే, మీ దగ్గర ఇంకోటేదో ఉందంట, వెళ్లి చూడమందండి."

తొమ్మిదోది వేశాను. చూడలేక కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. వెనక టమాటా, బెండకాయ, బంగాళాదుంప ఒక్కొక్కటే కబుర్లు చెప్పాయి. కాకరకాయ మొదలుపెట్టింది. బియ్యం డబ్బా దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. పాప లేచి తల్లిని పట్టుకున్న అలికిడి వినపడింది. తర్వాత ఆ ఆఖరి మాట కూడా అయిపోయింది.

"ఇది ఆ డ్రైవర్ దగ్గర లేదండి," అంది ఆమె.

"ఉండదండి. దీన్ని ఎవరూ పంచుకోలేదు."

"ముందే ఇలా చెప్పి ఉంటే అమ్మ..." అని ఆపేసింది. తల్లిని తప్పుపట్టడం ఇష్టం లేక ఆపేసిందని అర్థమైంది. ఇక దాచడం నా వల్ల కాలేదు. తిరిగి ఆమె ఎదురుగా వచ్చి నిలబడి ఉన్నదంతా చెప్పేశాను. మొదటిరోజు నుంచీ వాళ్లమ్మ ప్రతిదాని చివరా ఇంటి కబురు చెప్పిందనీ, నవ్వు చెడిపోతుందని నేనే కత్తిరించి పారేశాననీ, అవి ఇప్పుడు ఎక్కడా లేవనీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. ఆమె పాపని ఒళ్లోకి లాక్కుని, నల్లబడిన తెర వైపే చూస్తూ కూర్చుంది.

"అయితే, నేను అక్కడ విన్నవాటిల్లో కూడా మా అమ్మ నన్ను రమ్మందాండి?"

"రమ్మన్నారండి," అన్నాను. "ఎనిమిదిసార్లు."